పక్క మునుం

నా చిన్నప్పుడు వానలు పడ్డాయంటే చాలు, పాన్‌గల్ చుట్టుపక్కల రైతులు మా ఇంటికి కబురు మీద కబురు పంపేవారు. నాట్లేసే ఆడవాళ్ల ముఠాకు మా నాయనమ్మ పెద్ద. ఆమె ముఠా వేసిన మడిని దూరం నుంచే గుర్తుపట్టొచ్చని అందరూ అనేవారు, అది విని నేను పొంగిపోయేదాన్ని. ఉద్యోగమంతా దవాఖానల్లో చేసి, వనపర్తిలో పెద్ద నర్సుగా దిగిపోయిన ఈ వయసులో కూడా ఆమె మాటెత్తితే నాకు గర్వం కొంచెం ఎక్కువే. గొప్పలు చెప్పుకుంటోందని ఎవరైనా అనుకుంటే అనుకోనివ్వండి.

నాటు చూడనివాళ్లకు ఒక మాట చెప్పాలి. ఆడవాళ్లంతా బురదలో వరుసగా నిలబడి, వంగి నారు గుచ్చుతూ వెనక్కి నడుస్తారు. ఒక్కొక్కరి వంతుకు వచ్చే పట్టీని మునుం అంటాం. మనిషికీ మనిషికీ మధ్య గీత ఏమీ ఉండదు, చేయి అందినంత మేర నాటుకుంటూ పోవడమే. ఒక మనిషి వెనకబడితే అటూ ఇటూ ఉన్నవాళ్లు నాటుకుంటూ ఆమెను దాటి జరిగిపోతారు, ఆమె ఒక్కతే నారు మధ్యలో ఇరుక్కుపోతుంది. పశువును కట్టేసినట్టు 'దొడ్లె పడ్డది' అని మావాళ్లు ఎగతాళి చేసేవారు.

ఒక ఏడు మా పక్కింటి చిన్నమ్మ ముఠాలో కొత్తగా చేరి మొదటిరోజే దొడ్లో పడింది. చిన్నమ్మ అని నేను పిలవడమే కానీ ఆమె మాకు చుట్టం కాదు. గద్వాలలో మగ్గాలున్న ఇంట పుట్టింది. ఇష్టపడి మా పక్కింటాయనను చేసుకుంటే పుట్టింటివాళ్లు మాటలు మానేశారు. ఆయన పుణె వైపు బిల్డింగు పనికి పోయాడు. ముఠాలో చోటు దొరికితే ఆమె ఊళ్లో ఉండగలుగుతుంది. లేదంటే నెలల పాపను ఎత్తుకొని పని దగ్గరి రేకుల గుడిసెల్లోకి పోవాలి. అట్లా తీసుకుపోయిన పసిపిల్లల్లో తిరిగి రానివాళ్లు మా వాడలోనే ఉన్నారు, ఆ భయంతోనే ఆమె బురదలో దిగింది.

ముఠాలో నోరున్న పెద్దమ్మ ఒకామె ఉండేది. ఈమెను పెట్టుకుంటే మనమంతా చీకటి పడ్డాకే ఇల్లు చేరాలని ఆ సాయంత్రం అందరి ముందూ అనేసింది. పనీ కూలీ అందరికీ సమానమే కాబట్టి ఆ మాటలో న్యాయం లేకపోలేదు. చిన్నమ్మ తల వంచుకొని కాళ్ల బురద కడుక్కుంటోంది. మా నాయనమ్మ వాదించలేదు, ఈ ఊరి నాట్లు ఒడిసేదాకా, ఆఖరి మడి అయ్యేదాకా చూద్దామని మాత్రం అంది.

మర్నాడు ఆమె చేసిన పని చూసి అందరూ ముఖాలు చూసుకున్నారు. గట్టు పక్క మునుం ఎప్పుడూ ముఠా పెద్దదే. అక్కడి నుంచే వరుస చక్కగా వస్తుంది, అది ఆమె హోదా. అలాంటిది దాన్ని ఇంకొకరికి వదిలేసి నడిమధ్యకు వచ్చి చిన్నమ్మ పక్కన నిలబడింది. బడికి సెలవు కావడంతో నేను నారు కట్టలు అందిస్తూ గట్టు మీదే ఉన్నాను. అక్కడి నుంచి చూస్తే మా నాయనమ్మ మునుం బారెడు వెడల్పుంది, చిన్నమ్మది జానెడంత సన్నగా ఉంది. తన చేయి పక్కకు చాపి చాపి ఆమె వంతు కూడా నాటేస్తోంది. ఆ రోజు చిన్నమ్మ దొడ్లో పడలేదు.

ఇంటికి వస్తూ దారిలో అడిగేశాను, ఆమె పని నువ్వెందుకు చేస్తున్నావని. నాయనమ్మ నా నెత్తి మీద మెల్లగా ఒకటి మొట్టింది.

"చూసినవు గద, నోట్లెనే పెట్టుకో. ఒకరు సాయం జేస్తున్నరని తెలిస్తె మనిషి చెయ్యి ఇంక మెల్లగైతది. ఆమె చేతులు మంచిగున్నయి, దారాలు విడదీసిన వేళ్లు. నారు మస్తు విడదీస్తది. కాళ్లే బురదకు భయపడుతున్నయి. కాళ్లకు జర టైమియ్యాలె."

అందరికీ ఆమె పని రాని మనిషిగా కనిపించింది. ఏది వచ్చో ఏది రాదో విడదీసి చూసింది మా నాయనమ్మ ఒక్కతే. ఆ తర్వాత రోజూ కొంచెం కొంచెంగా తన చేయి వెనక్కి తీసుకుంటూ వచ్చింది. చిన్నమ్మ మునుం మూరెడయింది, ఆపైన అందరితో సమానమయింది. తప్పు నాటినప్పుడు కూడా నలుగురిలో అనేది కాదు. సద్ది తినేటప్పుడు పక్కన కూర్చొని, నారును వేలితో ఎట్లా లోపలికి నొక్కాలో ఆమె అరచేతిలోనే చూపించేది.

ఆఖరి మడి పెద్దది. మబ్బు కమ్ముకొస్తోంది, ముసురు పట్టేలోగా ముగించాలి. అన్ని రోజులు చేయి చాపి చాపి నాటిన మా నాయనమ్మకు ఆ పొద్దు నడుము పట్టేసింది. వంగితే లేవలేకపోతోంది, లేస్తే వంగలేకపోతోంది. ముఠా పెద్దే దొడ్లో పడితే ఇంకేముంది! నాకు ఏడుపొచ్చింది, ఎవరైనా నవ్వుతారేమోనని.

ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే ఆమె వెనకబడనే లేదు. ఏమిటా అని చూస్తే నాయనమ్మ మునుం జానెడంత సన్నగా ఉంది, దాని పక్కన చిన్నమ్మది బారెడుంది. తలెత్తకుండా, చేయి చాపి చాపి నాటేస్తోంది చిన్నమ్మ. వరుస ఎక్కడా వంకర పోలేదు. వాన మొదలయ్యేసరికి అందరూ గట్టెక్కారు.

గట్టు మీద నాయనమ్మ నడుము పట్టుకొని చిన్నమ్మనే చూస్తూ, నా సాయం సంగతి నీకెప్పుడు తెలిసిందని అడిగింది.

"బట్ట పన్నా ఎంత వెడల్పో కంటితోని కొలిచే ఇల్లు మాది, అత్తా," అంది చిన్నమ్మ. "నువ్వు పక్కకొచ్చి నిలబడ్డ పొద్దే తెల్సింది. ఎన్నటికన్న నీ అంత మునుం పట్టాలని గప్పుడే అనుకున్న."

మా నాయనమ్మ ఆ వానలో నవ్విన నవ్వు నాకిప్పటికీ గుర్తుంది. సాయం సంగతి తెలిస్తే చేయి మెల్లగవుతుందన్న తన మాట తప్పయినందుకు ఆమె అంత సంతోషపడింది. పక్క ఊరి నాట్లకు పోయిన రోజు గట్టు పక్క మునుంలో చిన్నమ్మను నిలబెట్టింది. నోరున్న పెద్దమ్మే ఆమెకు మొదటి నారు కట్ట అందించింది. పాపతో పాటు చిన్నమ్మ ఊళ్లోనే ఉండిపోయింది, తర్వాతి రోజుల్లో ఆ ముఠాకు ఆమే పెద్దయింది.

నేను పెద్ద నర్సునయ్యాక కొత్తగా వచ్చిన ప్రతి అమ్మాయికీ మొదటి డ్యూటీ నా పక్కనే వేయించేదాన్ని. కష్టమైన మంచాలు నేను తీసుకొని, ఆమెకు తేలికైనవి వదిలి, రోజులు గడిచేకొద్దీ ఒక్కొక్క మంచమే ఆమె వైపు జరిపేదాన్ని. సూదికి చేయి వణికే పిల్లకు మాట నెమ్మదిగా ఉంటుంది, మాట కటువైన పిల్లకు చేయి తేలిగ్గా ఉంటుంది. ఏది ఏమిటో చూడకుండా ఎవరినీ పనికిరారని అననివ్వలేదు. వాళ్లలో చాలామంది నాగర్‌కర్నూల్‌లో, గద్వాలలో ఇవాళ వార్డులు నడుపుతున్నారు. వాళ్లను ఎవరైనా మెచ్చుకుంటే నన్ను మెచ్చుకున్నట్టే ఉంటుంది నాకు.

దిగిపోయే ముందు నెలల్లో నా మోకాళ్లు మొరాయించాయి. ఒకరోజు వార్డులో సగం దూరం పోయి చూస్తే, ఆ చివరి మంచాలకు మందులు ఇవ్వడం అప్పటికే అయిపోయింది. మొదట్లో సూది పట్టుకోవడానికే వణికిన పిల్ల ఒకతి అటు తిరిగి, ఏమీ ఎరగనట్టు దుప్పటి సర్దుతోంది. నా కళ్లు నిండాయి. పిలిచి అడగబోయి ఆగాను, నేనూ ఏమీ చూడనట్టే వెనక్కి తిరిగి వచ్చి కుర్చీలో కూర్చున్నాను.