హారతి ఊదేసినావిడ

ఆ రోజుల్లో నాకు చదువు లేదు కానీ నోరుండేది. ఇప్పుడు చదువూ వచ్చింది, నోరూ పోలేదు. అందుకే ఇది రాయగలుగుతున్నాను. ఆ రోజులంటే మరీ పాతవనుకునేరు, మొన్న మొన్నటివే. తల పూర్తిగా నెరిశాక, అమెరికాలో, జార్జియా రాష్ట్రంలోని కమ్మింగ్ అనే ఊళ్లో, కూతురింట్లో ఉంటూ అక్షరాలు దిద్దుకున్న మనిషిని నేను. ఆ లెక్కన నా బాల్యం అక్కడే గడిచింది. (అసలు బాల్యం మిరప చేలల్లో కాయలు కోయడంతో సరిపోయింది. అప్పుడు నాకు పలక ఎవరూ ఇవ్వలేదు, నేనూ అడగలేదు.)

మా ఇంటికి దగ్గర్లోనే లైబ్రరీ. అక్కడ వారం మధ్యలో ఓ సాయంత్రం తెలుగు పిల్లలకు అ ఆలు నేర్పేవారు. నేర్పే టీచరమ్మ గుళ్లో కనబడి, "మీరూ వచ్చి కూర్చోండి పిన్నిగారూ, ఎవరేమనుకుంటారు?" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. తీరా చూస్తే వెళ్లే దారి లేదు. లైబ్రరీ మా వీధి చివర నిలబడితే కనబడుతుంది, కానీ మధ్యలో కార్లు రయ్యిమని పోయే పెద్ద రోడ్డు. నడిచేవాళ్ల కోసం జానెడు బాట కూడా వేయలేదు. బస్సన్న మాటే లేదు. కూతురూ అల్లుడూ ఆ వేళకి ఆఫీసు పనిలో తలమునకలుగా ఉంటారు. ఒకనాడు తెగించి, కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని గడ్డి అంచున నడుస్తుంటే పోలీసు కారు ఆగింది. తప్పిపోయాననుకున్నాడు ఆ అబ్బాయి. నా సంచిలో కూతురు పెట్టిన చిరునామా చూసి, ఎంతో మర్యాదగా ఎక్కించుకుని తెచ్చి మళ్లీ మా గుమ్మంలోనే దింపాడు.

సరిగ్గా అప్పుడే ఎన్నికలొచ్చాయి. వాషింగ్టన్‌లో కూర్చునే కాంగ్రెస్‌కి, అంటే ఇక్కడి పార్లమెంటుకి, పోటీ చేస్తున్న ఓ దొరసాని ఇంటింటికీ తిరుగుతూ మా ఇంటికీ వచ్చింది. (నీలం బూట్లు వేసుకుంది కాబట్టి మా ఇంట్లో ఆవిడ పేరు నీలంబూట్లావిడ.) ఆ వేళ ఇంట్లోంచే పని చేసుకుంటున్న అల్లుడు తలుపు తీసి మాట్లాడుతుంటే నేను లోపలికి పరుగెత్తాను. ఓటడగడానికి గుమ్మంలోకి వచ్చిన మనిషిని హారతివ్వకుండా పంపడం మా వైపు లేదు. పళ్లెంలో కుంకుమ, కర్పూరం పెట్టుకొచ్చి, "ముందు ఆ బూట్లు విప్పమను" అన్నాను. పాపం, విప్పింది. బొట్టు పెట్టి, కర్పూరం వెలిగించి, చుట్టూ తిప్పి, కళ్లకద్దుకుంటుందని పళ్లెం ముందుకు చాపాను. ఆవిడ ముఖం విప్పారింది. కళ్లు మూసుకుని, మనసులో ఏదో కోరుకుని, బుగ్గలు పూరించి ఉఫ్ఫున ఊదేసింది. పుట్టినరోజు కేకు మీద కొవ్వొత్తి అనుకుంది మహాతల్లి! పైగా తనే చప్పట్లు కొట్టింది.

"అయిపోయింది, ఈవిడ ఓడిపోయింది," అన్నాను.

"అత్తయ్యగారూ, మెల్లగా!" అన్నాడు అల్లుడు, అక్కడికి ఆవిడకేదో తెలుగు వచ్చినట్టు.

ఆవిడ తను గెలిస్తే ముందు చేసే పనులు వరసపెట్టి చెప్పింది. వైద్యం, ధరలు, బడులు. మన రాష్ట్రంలో బతుకు ఇప్పటికే బాగుందట, ఇంకా బాగు చేస్తుందట. నాకేం కావాలో చెప్పమంది.

"కారున్నవాళ్లకి బ్రహ్మాండంగా ఉందను. కళ్లెదుట కనబడే బడికి నడిచిపోలేకపోతే నాకేం బాగు తల్లీ అను. పోలీసాయన కూడా ఇంటికే తెచ్చాడు గానీ బడికి తీసుకెళ్లలేదను."

అల్లుడు దాన్ని బొటనవేలంత చేసి చెప్పాడు. ఆవిడ నవ్వుతూ తలూపింది. నేనన్నది నవ్వే మాట కాదే! "నువ్వేదో పంచదార కలుపుతున్నావు బాబూ. ఉన్నదున్నట్టు చెప్పు," అన్నాను. ఈసారి చెప్పాడు. ఆవిడ నవ్వు ఆగిపోయింది.

"ఆ బాట వేయాల్సింది కౌంటీ వాళ్లంట, అంటే మన జిల్లా వాళ్లలాగా, అత్తయ్యగారూ. కాంగ్రెస్ పని కాదంట. వేయిస్తానని మీకు అబద్ధం చెప్పలేనంటోంది."

"మరి నా గుమ్మానికెందుకొచ్చినట్టు? నాకిక్కడ ఓటు కూడా లేదని చెప్పు."

అదీ చెప్పాడు, చెమటలు తుడుచుకుంటూ. ఓటు లేదని తెలిశాక ఎవరైనా బూట్లు తొడుక్కుంటారు. ఆవిడ మాత్రం మెట్టు మీద కూర్చుంది. నేను పెట్టిన పులిహోర తింటూ, ఆ బడిలో ఏం నేర్పుతారు, ఏ రోజు, ఏ వేళ అని అన్నీ కనుక్కుంది. వెళ్లేముందు తన పేరున్న బోర్డు మా గడ్డిలో గుచ్చనా అని అడిగింది.

"గుచ్చుకోమను. ఎలాగూ నేను చదవలేను."

ఎన్నికల్లో ఆవిడ నిజంగానే ఓడిపోయింది. "మీ హారతి మహిమే!" అని అల్లుడు ఏడిపించాడు. "ఊదింది నేనా?" అని దబాయించాను గానీ, ఆ పూట నాకు అన్నం సయించలేదు.

కొన్నాళ్లకి ఆ బోర్డు పీక్కోవడానికి తనే వచ్చింది. ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. నాకొచ్చిన ఇంగ్లీషంతా కూడదీసుకుని, "యూ, వాషింగ్టన్, నో?" అన్నాను. "నో," అంది దిగులుగా. "గుడ్. కార్ ఉంది. లైబ్రరీ గో!" అన్నాను. ఆవిడ పడీ పడీ నవ్వింది. సీట్లో పేర్చుకున్న బోర్డులన్నీ డిక్కీలో పడేసి, నాకోసం తలుపు తీసి పట్టుకుని, "వెడ్నెస్‌డే! ఐ రిమెంబర్!" అంది. నిజమే, ఆ రోజు బుధవారం. అందుకే ఆ రోజు చూసుకుని వచ్చిందో ఏమో, నేనడగలేదు.

అప్పట్నుంచి ప్రతి బుధవారం ఆవిడ కారే నా బస్సు. ముందు వరసలో పిల్లల మధ్య నేను, వెనక వరసలో ఆవిడ. పక్కనున్న చిన్నపిల్ల నా పలకలోకి తొంగిచూసి, "ఆంటీ, యువర్ 'ఇ' ఉల్టా ఉంది," అని దిద్దేది. (నా వయసుకి ఆంటీ అన్నందుకు దానికి రోజూ చాక్లెట్ ఇచ్చేదాన్ని.) నీలంబూట్లావిడ కూడా తన పేరు తెలుగులో రాయడం నేర్చుకుంది. గడ్డిలో గుచ్చిన ఆ బోర్డు మీద పేరు నేను చదవలేకపోయాను గానీ, ఆవిడ పలక మీద రాసింది మాత్రం చదివాను.

హారతి ఊదేముందు ఏం కోరుకున్నావని మొన్న టీచరమ్మ చేత అడిగించాను. "గెలవాలని! ఇంకేం కోరుకుంటాను?" అంది. పాపం, ఆవిడ కోరిక తీరలేదు. ఆ రోడ్డు పక్క బాట కూడా ఇంకా పడలేదు. కానీ నాకు ఇంత రాయడం వచ్చాక, ఆ ఎన్నికల్లో ఆవిడకి ఓటెయ్యనివాళ్లందరికీ చేతులెత్తి దణ్ణం పెడుతున్నాను. వాళ్లే గనక ఆవిడని వాషింగ్టన్ పంపేసి ఉంటే, నేనింకా ఆ గుమ్మంలోనే, ఆరిపోయిన కర్పూరం వంక గుడ్లప్పగించి చూస్తూ, కొంప మునిగిందనుకుంటూ నిలబడి ఉండేదాన్ని, పిచ్చిమొహాన్ని.