షమీమ్ దాచిన రాయి

మొన్న మా అమ్మాయి బంగారం వేటకు వెళ్లిన పిల్లల నవల చదువుతూ, "స్నేహితుణ్ణే ఎందుకు అనుమానించాడమ్మా వీడు?" అని అడిగింది. నాకు షమీమ్ గుర్తొచ్చింది.

ఐదో తరగతిలో అలాంటి నవలే మేమిద్దరం కలిసి చదివాం. అది మా బుర్రకెక్కి, మార్టూరులో గ్రానైట్ పాలిష్ చేసే షెడ్ల వెనక రాతిముక్కల గుట్టలన్నీ వెతికాం. పచ్చగా మెరిసే రాయి ఒకటి దొరికింది. బంగారమే అనుకున్నాం. షమీమ్ దాన్ని వాళ్లింట్లో ఎండుమిరపకాయల డబ్బాలో దాచింది.

ఇక నాకు కుదురు లేదు. చూపించమంటే రేపనేది. మర్నాడు అడిగితే మాట మార్చేది. నవల్లో బంగారంతో పారిపోయినవాడూ ఇలాగే చూపు తప్పించేవాడు. ఆమె చూడకుండా పుస్తకాల సంచి కూడా వెతికాను. చివరికి క్లాసులో అందరి ముందూ "దొంగ!" అనేశాను.

ఆమె ఏడవలేదు. సాయంత్రం నా చెయ్యి పట్టుకుని, షెడ్డులో పనిచేసే వాళ్ల నాన్న దగ్గరికి లాక్కెళ్లింది.

"అది ఉత్త రాయేనమ్మా," అన్నాడాయన. "దీనికి అప్పుడే చెప్పా. నీకు చెప్పొద్దంది."

"మీ అమ్మకి గొలుసు చేయిస్తానని మురిసిపోయావు గదే. ఎట్టా చెప్పేది?" అంది షమీమ్.

మర్నాడు ఎప్పటిలాగే నా పక్కనే కూర్చుంది. క్లాసులో కొందరు తమ పెన్సిళ్లు దూరంగా జరుపుకున్నారు. నేను లేచి ఒక్క మాట చెబితే సరిపోయేది. తల వంచుకుని లెక్క చేసుకుంటూ కూర్చున్నాను.