ఎవరి తాలూకు?

మురమళ్ళలో కొత్త మొహం కనబడితే "ఎవరి తాలూకండీ?" అని అడిగేదాకా మావాళ్ళకి తోచదు. మా వీధి బర్మా మామ్మగారు మాత్రం ఆ మాట ఎవరినీ అడిగేవారు కాదు. ఎవరెదురైనా ఆవిడ పలకరింపు ఒక్కటే: "అన్నం తిన్నావా?"

ఆవిడ పుట్టింది రంగూన్‌లో.

"అక్కడ మన కోరంగి రేవు పేరెట్టి మమ్మల్ని కోరంగోళ్ళనేవారు బాబూ. తరిమేస్తే ఓడెక్కి ఇక్కడికొచ్చేం. ఇక్కడ బర్మావోళ్ళన్నారు. అన్నం తిన్నావా అని పలకరించడం మాత్రం ఆ బర్మావోళ్ళే నేర్పేరు," అని నవ్వేవారు.

ఓ ఏడు రొయ్యల చెరువుల పనికి ఒడిశా నుంచి మనుషులొచ్చారు. వాళ్ళకి ఊరు హిందీవాళ్ళని పేరు పెట్టేసింది. వాళ్ళలో ఒకతను మామ్మగారి పలకరింపును భోజనానికి పిలుపే అనుకుని, చెప్పులు విప్పి అరుగు మీద కూర్చున్నాడు. ఆవిడ కాస్త తెల్లబోయి, లోపలికెళ్ళి కంచం తెచ్చారు.

అతను తింటుండగా వీధిలో పోతున్న పెద్దాయనొకరు ఆగారు.

"ఎవరి తాలూకండీ ఈ కుర్రోడు?"

మామ్మగారు పులుసు వడ్డిస్తూ, తలెత్తకుండానే అన్నారు.

"మా తాలూకేనండి."