కడిగిన ముఖంతో మా అన్న

అన్న చివరిగా చేసిన పని, బాపు గొంగడికి ఎండ చూపించడం. ఏటా ఎండాకాలంలో ఒకసారి దాన్ని ట్రంకు పెట్టెలోంచి తీసి, గోడ మీద పరిచి, చింతబరిగెతో దుమ్ము దులిపేవాడు. ఆ రోజూ అంతే. మూడింటికి మడత పెట్టాడు. ఒక అంచున వేలు పట్టేంత కాలిన తూటు ఉంది. అది లోపలికి పోయేలా మడిచి, మడతల్లో వేపాకు వేసి, పెట్టె మూశాడు. "నిర్మలా, జర చాయ్ పెట్టు" అని వదినకు చెప్పి అరుగు మీద కూర్చున్నాడు. వదిన చాయ్ తెచ్చేసరికి తల గోడకు ఆనించి ఉన్నాడు. యాభై రెండేళ్లు. 2017 మే నెల.

బాపు చుట్ట నిప్పు పడి గొంగడి కాలిందని ఇంటికొచ్చిన వాళ్లకు నేనే చెప్పేవాణ్ణి. అన్న పక్కనే కూర్చుని వినేవాడు.

మా అన్న పేరు కుర్మయ్య. మొయినాబాద్ మండలం హిమాయత్‌నగర్ మాది, గొర్లు కాచిన ఇల్లు. మా మంద మేసిన బీళ్లు ఒక్కొక్కటే ఫాంహౌసులైపోయాక అన్న అజీజ్‌నగర్‌లో ఒకదానికి వాచ్‌మన్‌గా కుదిరాడు. నేను చేవెళ్ల బడిలో తెలుగు మాస్టర్ని. కానీ ఊళ్లో అన్నను వాచ్‌మన్ అని ఎవరూ అనుకోలేదు. ఊరికి అతను పులి. పీర్ల పండుగ వచ్చిందంటే ఒళ్లంతా పసుపు రంగు, దాని మీద నల్లచారలు, నడుముకు తోక. డప్పు మోగితే చాలు, ఆ బక్క మనిషిలోకి ఏదో దూరేది. ఆడవాళ్లు తలుపుచాటు నుంచి చూసేవాళ్లు. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి పారిపోయేవాళ్లు.

ఈ వేషం బాపు నుంచి వచ్చింది. దానితో పాటే బాపు పెట్టిన నియమం కూడా వచ్చింది. ఆట అయిపోయిన మర్నాడు, రంగంతా కడుక్కుని ఇల్లిల్లూ తిరగాలి. జడుసుకున్న పిల్లల ముందు కూర్చుని "నేనే బిడ్డా, కుర్మయ్యని" అని ముఖం చూపించాలి. పిల్ల నవ్వేదాకా ఆ గడప దిగకూడదు. ఒకసారి పోచమ్మ గుడి దగ్గరి ఇంట్లో చిన్నపిల్ల నవ్వడానికి మధ్యాహ్నందాకా పట్టింది. అన్న అక్కడే కూర్చుని వాళ్ల పల్లీలన్నీ ఒలిచిపెట్టి వచ్చాడు.

2008 ఎండాకాలం. రోడ్డు మీద సాఫ్ట్‌వేర్ కంపెనీల బస్సులు రిసార్టులకు బారులు తీరే రోజులు. ఆ ఏడే టీవీలో రోజూ సాయంత్రం ఇరవై ఓవర్ల మ్యాచులు మొదలయ్యాయి. ముఖాలకు రంగులు, రంగురంగుల విగ్గులు, బూరలు. మా మండలానికీ ఆ పిచ్చి అంటుకుంది. ప్లాట్లు అమ్మే ఒకాయన తన వెంచర్లో చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ కలిపి ఒక కప్పు పెట్టించాడు. ఇంకా అమ్ముడుపోని ప్లాట్లే గ్రౌండు, పసుపు పూసిన హద్దురాళ్లే బౌండరీ.

మా ఊరి జట్టుకు కెప్టెన్ జైపాల్, షేర్ ఆటో నడిపేవాడు. కూలికి పోయేవాళ్లు, గేట్ల దగ్గర కాపలా ఉండేవాళ్లు కలిసిన జట్టు. మా ఊరు మొదటి రౌండు దాటిందే లేదు. ఆ ఏడు మాత్రం మాకు సాలమన్ ఉన్నాడు. జింబాబ్వే నుంచి వచ్చి మొయినాబాద్ దగ్గరి ఇంజనీరింగ్ కాలేజీలో చదువుతూ, మా పక్కింటి పైగదిలో కిరాయికి ఉండేవాడు. ఆ ఇంటివాడు యోసేపు తన బైబిల్లో ఉన్నట్టే సాలోమోను అని పిలిస్తే మా అందరికీ అదే అలవాటైంది. మూడేళ్లలో షేర్ ఆటోల్లో కూర్చుని మా మాట నేర్చుకున్నాడు. బౌలింగ్‌కు హద్దురాయి నుంచి పరుగెత్తి వస్తుంటే నేల అదిరేది. మొదటి మ్యాచులో ఐదుగురిని పడగొట్టాడు. రెండోదాంట్లో బ్యాట్స్‌మన్ బ్యాటు పడేసి పక్కకు దూకాడు.

సెమీఫైనల్ చేవెళ్ల మీద. ముందురోజు అన్న ఇంటి వెనక ఏదో పనిలో ఉన్నాడు. వెళ్లి చూస్తే నల్లగొర్రె ఉన్ని కుప్పపోసి, బట్ట మీద కుట్టి, ఉంగరాల జుట్టు టోపీలు చేస్తున్నాడు. పక్కన గిన్నెలో కొబ్బరినూనెలో కలిపిన పొయ్యిమసి.

"టీవీల జూసినవా? మన సాలోమోను కోసం మనం పన్నెండు మంది సాలోమోనులమైతం. చేవెళ్లోళ్లు జూసి ఉచ్చ పోసుకోవాలె."

ఆ పన్నెండు మందిలో నేనూ ఒకణ్ణి. బడికి సెలవులే కదా అని మసి పూయించుకున్నాను. దాచను, భలే సరదాగా అనిపించింది.

మ్యాచ్ సంగతి ఇప్పుడు తల్చుకున్నా ఒళ్లు పులకరిస్తుంది. ఎండ మండిపోతోంది. హద్దు పొడుగునా జనం, ఆటోల మీద జనం, నీళ్ల ట్యాంకర్ మీద జనం. మేం డప్పులతో దిగేసరికి గ్రౌండంతా గొల్లుమంది. చివరి ఓవర్, చేవెళ్లకు ఏడు పరుగులు కావాలి, బంతి సాలోమోను చేతిలో. మేం హద్దు మీద ఎగురుతున్నాం. అన్న నాలుక బయటపెట్టి, గుండెలు బాదుకుంటూ నేల మీద దొర్లుతున్నాడు. అవతలి గుంపు నుంచి ఎవరో కోతిలా "హూ హూ" అన్నారు. నవ్వులు. మా వైపు నుంచీ ఇద్దరు అందుకున్నారు. సాలోమోను పరుగు మొదలుపెట్టినవాడు ఒక్క క్షణం ఆగి మమ్మల్ని చూశాడు. మళ్లీ వెనక్కి నడిచి పరుగు తీశాడు. వికెట్టు లేచిపోయింది. తరువాతి బంతికి ఇంకో వికెట్టు. మూడు పరుగుల తేడాతో గెలిచాం.

అన్న అందరికంటే ముందు ఉరికి అతన్ని ఎత్తుకోబోయాడు. సాలోమోను రెండడుగులు వెనక్కి వేశాడు. బంతి జైపాల్ చేతిలో పెట్టి, "ఫైనల్‌కు నేను రాను" అన్నాడు.

"ఏమైంది భయ్యా? గెలిచినం గదా" అన్నాడు జైపాల్. "మా కుర్మన్న నీ మీద ప్రేమతోని ఏసిండు ఈ వేషం. అయినా మేం మాత్రం తెల్లగున్నమా?"

"బస్సుల నా పక్క సీటు ఖాళీగ ఉంటది జైపాల్. నిలబడతరు గానీ కూసోరు. గదే రంగు మీరు పూసుకుంటే అందరు చప్పట్లు కొట్టిన్రు. మీరు ఇంటికి వోయి కడుక్కుంటరు." అన్న వైపు తిరిగాడు. "అన్నా, ముఖం కడుక్కో."

ఎండలో అన్న ముఖం మీది మసి మెడ మీదికి కారుతోంది.

ఇంటి దగ్గర రాత్రి అన్నం ముందు పెద్ద పంచాయితీ. ఆదివారం ఫైనల్ మొయినాబాద్ మీద. సాలోమోను లేకపోతే మా పని అయిపోయినట్టే. జైపాల్ తల పట్టుకుని కూర్చున్నాడు.

"ముప్పై ఏండ్లు పులి వేషం ఏసిన. ఏ పులన్న అలిగిందా?" అన్నాడు అన్న.

వదిన అన్నం వడ్డిస్తూనే అంది. "పులి మన పక్కింట్ల కిరాయికి ఉంటదా? పొద్దున లేచి నీ ముఖం జూస్తదా?"

జైపాల్ నవ్వబోయి ఆపుకున్నాడు. అన్న కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు.

తెల్లవారగానే నన్ను లేపాడు. బావి దగ్గర కుంకుడుకాయతో ముఖం రుద్దుకుని వచ్చాడు. చెవుల వెనక కూడా మసి లేదు. భుజాన బాపు గొంగడి. ఎండాకాలంలో గొంగడి ఎందుకే అంటే ముందుకు నడిచాడు. పులి వేషం మర్నాడు పిల్లల దగ్గరికి పోయినట్టే పోతున్నాడని అర్థమైంది. బాపు గుర్తుగా గొంగడి తెచ్చుకున్నాడనుకున్నాను.

నన్ను యోసేపు ఇంటి మెట్ల కింద ఉండమని తాను పైకి వెళ్లాడు. తలుపు తట్టిన చప్పుడు. చాలాసేపటికి తెరిచిన చప్పుడు. తరువాత ఏమీ వినపడలేదు. యోసేపు పళ్లు తోముకుంటూ వచ్చి, "రాత్రంత లైటు ఆర్పలే ఆ పిలగాడు" అన్నాడు. అరగంట గడిచింది. పైనుంచి ఇద్దరి గొంతులు, తరువాత ఒకరి దగ్గు. అన్న దిగివచ్చాడు.

"వస్తడా?"

"వస్తడు. నన్ను పులి లెక్క రమ్మన్నడు."

"ఏం జెప్పినవే?"

"ముఖం జూపిన" అన్నాడు. అంతే. ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు.

ఆదివారం! పొద్దున్నుంచే ఊరు ఖాళీ. మా వదినా, ఆమె ఈడు ఆడవాళ్లూ ట్రాక్టర్ ట్రాలీలో వచ్చారు. అన్న ఒళ్లంతా పసుపు పూసుకుని, చారలు దిద్దుకుని, ఊరి నుంచి గ్రౌండుదాకా రెండు కిలోమీటర్లు ఆడుతూనే నడిచాడు. మిగతా పదకొండు మందిమీ మా ముఖాలతోనే వెళ్లాం. దారిలో ఒక కంపెనీ బస్సు ఆగిపోయి, అందులోని వాళ్లంతా కిటికీల్లోంచి ఫోటోలు తీసుకున్నారు. అన్న వాళ్లకేసి తిరిగి ఒక్క గాండ్రింపు గాండ్రించాడు. ఒక అమ్మాయి ఫోను జారవిడిచింది.

మేం పన్నెండు ఓవర్లలో చేసింది డెబ్బై రెండు. మొయినాబాద్ వాళ్లు పది ఓవర్లలోనే అరవై దాటేశారు. మా వాళ్ల చేతుల్లోంచి రెండు క్యాచులు జారాయి. ట్రాలీలోంచి జంగమ్మవ్వ "చేతులకు వెన్న పూసుకొని వచ్చిన్రారా" అని తిడుతోంది. చివరి ఓవర్, ఆరు పరుగులు కావాలి. సాలోమోను నాలుగు బంతులకు రెండే ఇచ్చాడు. ఐదోదానికి రెండు తీశారు. చివరి బంతి, గెలవాలంటే రెండు కావాలి, ఒకటొస్తే సమానం. డప్పులు ఆగిపోయాయి. అన్న హద్దురాయి పక్కన నాలుగు కాళ్ల మీద నిలబడి ఉన్నాడు, తోక కూడా కదలడం లేదు.

సాలోమోను పరుగు తీశాడు. బ్యాట్స్‌మన్ కళ్లు మూసుకుని ఊపాడు. బంతి ఆకాశానికి లేచింది. ఎంత ఎత్తుకు లేచిందంటే జైపాల్ దాని కింద మూడు చోట్లు మారాడు. చివరికి పడింది అతని చేతుల్లో కాదు, పొట్ట మీద. రెండు చేతులతో పొట్టకు అదుముకుని కూర్చుండిపోయాడు.

తరువాత ఏమైందో నాకు ముక్కలుగానే గుర్తుంది. వదిన నెత్తి మీద కొంగు లేదు. యోసేపు స్తోత్రం, స్తోత్రం అంటూ ఏడుస్తున్నాడు. సాలోమోను అంత పొడుగు మనిషి, హద్దు దగ్గరికి పరుగెత్తుకొచ్చి పులిని భుజాన వేసుకుని గ్రౌండు చుట్టూ తిప్పాడు. అతని తెల్లచొక్కాకు అంటిన పసుపు మళ్లీ వదల్లేదు. ఆ చొక్కా వేసుకునే కాలేజీకి పోయేవాడు.

ఆ ఉన్ని టోపీలను అన్న విప్పి దిండులో కూరాడు. చదువు అయిపోయి సాలోమోను తన దేశం వెళ్లిపోయాడు. అప్పుడప్పుడు ఫోను చేసేవాడు. అన్న స్పీకర్ పెట్టి ఊరంతా వినేలా మాట్లాడేవాడు.

అన్న పోయిన పదోరోజు సాలోమోను వాట్సాప్‌లో ఫోను చేశాడు. వదిన ఎలా ఉందో కనుక్కున్నాడు. తరువాత అడిగాడు. "మాస్టర్, ఆ గొంగడి ఉన్నదా? దాని తూటు?"

"ఉన్నది. మా బాపు చుట్ట నిప్పు పడింది."

"చుట్ట గాదు. సిగరెట్. అన్న మీకు చెప్పలేదా?"

చెప్పలేదు. సాలోమోను చెప్పాడు. ఆ మ్యాచులు ఆడిన ఏడు జనవరిలో, అన్న కాపలా ఉన్న ఫాంహౌస్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసు వాళ్ల పార్టీ జరిగిందట. అందరూ పల్లెటూరి వేషాలు వేసుకున్నారట. ఒకబ్బాయి వచ్చి అన్నను గొంగడి అడిగాడట. అన్న సంతోషంగా ఇంటికొచ్చి బాపుది తీసుకెళ్లి ఇచ్చాడట. ఆ అబ్బాయి దాన్ని కప్పుకుని, కట్టె పట్టుకుని, సాయంత్రం దాకా గొర్రెలా అరుస్తూ తిరిగాడట. మర్నాడు పొద్దున అది ఈత కొలను పక్కన తడిసి, కాలి దొరికిందట.

"నన్ను మాఫ్ చెయ్యి అని గూడ అనలేదు మాస్టర్. నా వేలు పట్టుకొని ఆ తూట్లె పెట్టిండు. 'వాండ్లు గూడ ప్రేమతోనే ఏసుకున్నరు సాలోమోను' అన్నడు. ఆ పార్టీ దినం అందరితోని తను గూడ నవ్విండంట."