వెరీల పంతులు

బందరులో కచేరీ ఎదుటి అరుగు మీద కూర్చుని ఇంగ్లీషులో అర్జీలు రాసిపెట్టే చలపతిరావుని జనం వెరీల పంతులు అనేవాళ్లు. తెల్లదొరల రోజులు. దొరకి తెలుగు రాదు, మనవాళ్లకి ఇంగ్లీషు రాదు. అయినా ‘వెరీ’ అంటే ‘చాలా’ అన్న సంగతి మాత్రం దివిసీమ దాకా పాకిపోయింది.

ఇక చూడండి బేరాలు! “పక్కూరి వాళ్లకి రెండు వెరీలు వేశారట, మాకు మూడు పడాలండీ.”

“మూడు వేస్తే పోయిన పంట మళ్లీ మొలుస్తుందిటయ్యా?” అని తిట్టేవాడు పంతులు. తిట్టి, వేసేవాడు. వెయ్యకపోతే పక్క అరుగు మీద అర్జీలు రాసే దైవాధీనం నాలుగు వేస్తాడు మరి. అడిగినవాడికల్లా పంచిపెడితే ఏ మాటకి విలువ మిగులుతుంది?

ఆ ఏడు గాలివానకి సముద్రం పొంగి, గిలకలదిండిలో ఒక పేటకున్న ఒకే ఒక్క మంచినీళ్ల బావి ఉప్పు కషాయమైపోయింది. ఆ నీళ్లు తాగి మనవరాలు మంచాన పడిందని, కొత్త బావి కోసం అర్జీ రాయమని చేపలమ్ముకునే వీరమ్మ వచ్చింది.

ఈ వెరీలు చూసీ చూసీ కచేరీవాళ్లకి నమ్మకం పోయి ఉంటుందని పంతులి అనుమానం. నిజమైన కష్టాన్నైనా ఉన్నదున్నట్టు చెప్పాలనుకున్నాడు. బావి ఉప్పయింది, పిల్లలు జబ్బు పడుతున్నారు అని రాసి, చదివి చెప్పాడు.

“వెరీ ఏదండీ?”

“దీనికి అక్కర్లేదమ్మా.”

వీరమ్మ ముఖం మాడిపోయింది. “రైతులకైతే మూడేసి వేస్తారు. మా పల్లెకారోళ్లకి ఒక్కటీ దక్కదా బాబూ?”

పంతులు నొచ్చుకున్నాడు గానీ పట్టు విడవలేదు.

నెల దాటినా ఉలుకూ పలుకూ లేదు. ఉండబట్టలేక వెళ్లి గుమాస్తా కాంతారావుని అడిగాడు.

“మీ చేతి అర్జీలు మాకు కొత్తాండీ? మూడు వెరీలుంటే పైన పెడతాం. దాంట్లో ఒక్కటీ లేదు. మీకే పెద్ద కష్టంగా తోచలేదు కాబోలని అడుగున పెట్టాను” అన్నాడు కాంతారావు.

పంతులికి ఒళ్లు మండిపోయింది. ఎవర్ని తిట్టాలి? ఆ లెక్క నేర్పింది తనే.

తిరిగొచ్చేసరికి అరుగు దగ్గర వీరమ్మ చెంబుతో నిలబడి ఉంది. “మా బావి నీళ్లండి. తాగండి.”

మడీ మైలా మరిచి ఒక గుక్క నోట్లో పోసుకున్నాడు. మింగలేక ఉమ్మేశాడు.

“మా మనవరాలు రోజూ మింగుతుందండి” అంది వీరమ్మ. “ఇప్పుడు చెప్పండి బాబూ, దీనికి ఎన్ని వెరీలు?”