ఆసుపత్రి మెట్ల పక్కన వాలుదారి

ఎవరింట్లో కూర మాడిందో కూడా ఆరా తీస్తారే, కొలతల టీచరు గురించి ఒక్కరైనా నోరు తెరిచి అడిగారా? మీలో సగం మందికి ఆమె పెట్టిన భిక్షే కదర్రా ఆ నాలుగు లెక్కలూ! కదలకుండా కూర్చుని వినండి.

చేతిలో టేపు లేకుండా కనిపించేది కాదు, అందుకే ఆ పేరు. "మా ఆవిడ అన్నం కూడా కొలిచే పెడుతుంది" అని మొగుడు వేళాకోళమాడేవాడు.

ఆమె క్లాసులో పిచ్చుక అని ఓ పిల్ల ఉండేది. కాళ్ళు పనిచేయవు, చక్రాల కుర్చీ. వారం వారం ఆసుపత్రికెళ్ళి కసరత్తు చేయాలి. అక్కడేమో నిలువెత్తు మెట్లు. తండ్రి బస్తాలా భుజానేసుకుని ఎక్కుతుంటే పిల్ల సిగ్గుతో చచ్చిపోయేది.

"నీ అంతట నువ్వే లోపలికెళ్ళేలా చేస్తామే" అని టీచరు మాటిచ్చింది.

పుస్తకం పక్కన పడేసి క్లాసంతా ఆసుపత్రి వాకిలి కొలిచింది. ఎంత వాలుంటే పిచ్చుక చేతులు నొప్పెట్టవో, చెక్కల మీద కుర్చీ ఎక్కించి ఎక్కించి చూశారు. అట్టతో నమూనా చేశారు. ఆసుపత్రి ఆఫీసువాళ్ళు అది చూసి ముచ్చటపడి, అటూ ఇటూ పిట్టగోడలతో సహా సిమెంటుతో అచ్చం అలాగే కట్టించారు.

తీరా రిబ్బను కత్తిరించే రోజు చూస్తే, వాలుదారి మొదట్లో, నడిమధ్యన ఓ ఇనప స్తంభం! మోటారు సైకిళ్ళు ఎక్కకుండానట. పిల్లల్ని ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు. పిచ్చుక చక్రం తిప్పింది. అటు పక్కా పట్టలేదు, ఇటు పక్కా పట్టలేదు.

"టీచర్, నేనేమైనా లావయ్యానా?"

"లేదు తల్లీ."

"మరి మనం కొలత తప్పామా?"

టీచరు టేపు లాగి స్తంభానికీ గోడకీ మధ్య కొలవబోయింది. ఈలోగా తండ్రి పిల్లనెత్తుకుని మెట్లెక్కేశాడు. జనం చప్పట్లు కొట్టారు, ఫొటోలు తీశారు.

కొలత తప్పామా అని పిల్ల అడిగిన ఆ మాటే టీచరును తినేసింది. తప్పు పిల్లలది కాదని చూపించాలి. అంతే. కాళ్ళరిగేలా ఆఫీసు చుట్టూ తిరిగింది.

"స్తంభం తీస్తే బళ్ళెక్కవా అమ్మా?"

"బళ్ళెక్కకుండా, కుర్చీ ఎక్కేలా ఎలా పెట్టాలో మా పిల్లలు గీసిచ్చారయ్యా. ఒక్కసారి చూడు."

"పిల్లలాటలకి మాకు తీరికెక్కడిది టీచరమ్మా!"

చివరికి తనే ఇనప రంపం పట్టుకెళ్ళి స్తంభం ముందు కూర్చుంది. సగం కోసేసరికి కాపలావాడు పట్టుకున్నాడు. అందరి సొత్తు పాడుచేసిందని ఉద్యోగం ఊడగొట్టారు.

"పోనీయవే, ఇంకో బడి దొరక్కపోతుందా" అన్నాడు మొగుడు.

"బడి దొరుకుతుందయ్యా. చేతకానివాళ్ళమని అనుకుంటున్నారే, ఆ పిల్లలు మళ్ళీ దొరుకుతారా?"

ఆ క్లాసు మళ్ళీ బడి గేటు దాటి ఏదీ కొలవలేదు.

దిగులుతో ఆమె తిండి మానేసింది. జబ్బు పడింది, అది ముదిరింది. మంచం మీదుంటే పిచ్చుక చూడ్డానికొచ్చింది, తండ్రి భుజమ్మీద. టీచరు గోడవైపు తిరిగిపోయింది.

"కొలత తప్పలేదే" అంది.

"సరే టీచర్, సరే" అంది పిల్ల, ఏడ్చేవాళ్ళని ఊరుకోబెట్టే గొంతుతో.

ఆ వారంలోనే టీచరు పోయింది. నలభై ఆరేళ్ళు.