బాలమ్మకు చెప్పిన పథ్యం

1961 జూన్‌లో నన్ను మహబూబ్‌నగర్ జిల్లా ఆత్మకూరు దవాఖానకు సివిల్ అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. ఊళ్లో ప్రభుత్వ డాక్టర్‌ను నేనొక్కణ్ణే. ఆపరేషన్ గది లేదు. కోత అవసరమైన వాళ్లను చీటీ రాసి జిల్లా ఆసుపత్రికి పంపడం మా పద్ధతి.

బాలమ్మ గొర్రెలు కాచే ఇంటి మనిషి. నలభై దాటిన వయసు, భారీ శరీరం. బొడ్డు దగ్గర కండ పలచబడి పేగు బయటికి ఉబికేది. దాన్నే హెర్నియా అంటారు. వంగి గొర్రెపిల్లను ఎత్తితే చాలు, నొప్పి. జిల్లా సర్జన్ ఆమెను చూసి, లావు తగ్గితేనే కుట్టు నిలుస్తుందని, తగ్గించి పంపమని నాకు కబురు చేశారు.

ఆ పని నాకు సులువనిపించింది. ధాన్యం కన్నా కొవ్వులో రెండింతలకు పైగా శక్తి ఉంటుందని చదువుకున్నవాణ్ణి. నెయ్యి, నూనె, వెన్న, పల్లీలు, నువ్వులు, మాంసం అన్నీ బంద్ చేయమన్నాను. వాళ్లింట్లో పూటపూటా వండే జొన్న గట్క, అంటే జొన్నరవ్వ సంకటి, ఎంత తినాలో మాత్రం చెప్పలేదు.

రెండు నెలల తర్వాత తూస్తే బరువు తగ్గకపోగా కాస్త పెరిగింది. వెంట వచ్చిన కోడలు, "పొద్దుమూకులు ఆకలంటది సారూ. ఇప్పుడే తింటది, జరసేపటికి మల్ల గట్క పెట్టుమంటది" అన్నది. నా పథ్యం ఎక్కడ చెడిందో ఆ మాటలోనే ఉంది. నాకు అది తిండిపోతుతనంలా వినిపించింది. చాటుగా నెయ్యి తింటున్నావు కదా అని బాలమ్మను నిలదీశాను.

"నా గొర్ల మీద ఒట్టు సారూ. సుక్క నెయ్యి ముట్టలె."

గొర్రెలకు నోరుంటే నిజం బయటపడేదన్నాను. వరండాలో కూర్చున్న రోగులంతా నవ్వారు. కోడలు తల దించుకుంది. లావు తగ్గేదాకా చీటీ రాయనని చెప్పి, తర్వాతి మనిషిని పిలిచాను. సంగతి జిల్లా సర్జన్‌కు తెలియజేసి సలహా అడగడం నా బాధ్యత. నా వైద్యం పని చేయలేదని ఆయనకు రాయడం నామోషీ అనిపించి, అడగలేదు.

దసరా దాటాక ఒక పొద్దున ఆమెను ఎడ్లబండిలో తెచ్చారు. ఒకటే వాంతులు. ఉబ్బు రాయిలా గట్టిపడింది, ఒత్తినా లోపలికి పోవడం లేదు. పేగు బిగుసుకుపోయి దానికి రక్తం అందడం లేదన్నమాట. పంచాయతీ సమితి ఆఫీసు జీపు అడిగి, నేనూ ఎక్కి మహబూబ్‌నగర్ తీసుకెళ్లాను. చచ్చుబడిన పేగు ముక్కను సర్జన్ కోసి తీసేశారు. మనిషి బతికింది.

వారం తర్వాత వార్డుకు వెళ్లాను. పక్కన ఎవరూ లేరు. నన్ను చూసి మెల్లగా అడిగింది.

"కడుపు కోసి సూసిండ్రు గద సారూ. నెయ్యి గిట్ల దొరికిందా?"

నువ్వు నిజమే చెప్పావు, తప్పు నాదేనన్నాను. "గట్లనే సారూ" అన్నది, అంతే.

మిగతా ఉద్యోగకాలమంతా, లావు తగ్గాల్సిన వాళ్లకు గట్క, అన్నం తగ్గించమని చెప్పాను. పప్పు, కూరలో చెంచా నూనె, గుప్పెడు పల్లీలు ఉండనిచ్చాను. కొవ్వు కొంచెమైనా ఉంటే తిన్నది కడుపులో నిలుస్తుంది, వెంటనే ఆకలి కాదు. పథ్యం ఫలించకపోతే రోగిని కాదు, ముందు పథ్యాన్ని అనుమానించాలి. ఇవి నేను నేర్చుకున్నాను. అయితే బాలమ్మను అబద్ధాలకోరని నేనన్నది వరండా నిండా జనం ముందు. తప్పు నాదని చెప్పింది ఆమె ఒక్కదానికే. ఆత్మకూరులో ఇంకో రెండేళ్లు పనిచేశాను. ఆ మాట వరండాలో ఎన్నడూ చెప్పలేదు.